మొహమాటపు అడ్డగీత

ఆ మంగళవారం ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి, మేడమీద గది కట్టుకోవడానికి వచ్చిన అనుమతి కాగితం తీసుకోవాలి. పదింటికి దుకాణం తలుపు తీయాలి. పదకొండుకు మేస్త్రీ వస్తాడు, గది ఎక్కడ ఎలా రావాలో చూపించాలి. మధ్యలో వీలైతే బ్యాంకు మేనేజరు ప్యాంటు అంచు మడిచి కుట్టాలి. ఇందులో మనిషి చేయలేనిది ఏదీ లేదు.

గది అక్క కోసం. అక్క అతనికంటే పద్నాలుగేళ్ళు పెద్దది. సూదిలోకి దారం ఎక్కించడం నేర్పింది ఆవిడే. బావ పోయి ఏడాదైంది. నలభై ఏళ్ళు వాళ్ళిద్దరూ వేరే ఊళ్ళో, ఒక మేడమీది గదిలో, తూర్పు కిటికీ పక్కన కాపురం చేశారు. పొద్దున్నే బావ పేపరు పైకి చదివేవాడు. ఆవిడ వింటూ కూరలు తరిగేది. పేపరు ఇప్పుడూ వస్తోంది. మడత విప్పేవాళ్ళు లేరు.

ఒకటో తారీఖుకి తమ్ముడి దగ్గరికి వచ్చేయడానికి ఎన్నాళ్ళకో ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, “నాకు గదులూ అవీ ఎందుకురా, వసారాలో ఒక మూల చాలు,” అంది. మూల అన్న మాట దర్జీకి సూదిలా దిగింది. దిగిందని ఎవరితోనూ అనలేదు. మర్నాడే వెళ్ళి దరఖాస్తు పెట్టాడు.

తర్వాత జరిగినదానికంతటికీ మూలం ఆ దరఖాస్తే.

దర్జీకి ఒక బలహీనత ఉంది, మొహమాటం. అది మాటల్లోనే కాదు, చేతిరాతలో కూడా ఉంది. ఎవరి నడుము కొలతైనా కాస్త ఎక్కువ వస్తే, ఆ మనిషి మొహం చూసి ఒక అంగుళం తగ్గించి పైకి చెప్పేవాడు. పుస్తకంలో మాత్రం ఆ తగ్గించిన అంకె వేసి, పక్కన ప్లస్సు పెట్టి, 1 రాసుకునేవాడు. కొలత ఇచ్చినవాడు తొంగిచూసినా ఆ ప్లస్సు కంట పడకూడదు. అందుకని నిలువు గీత గట్టిగా గీసి, అడ్డగీత మాత్రం ఉందా లేదా అన్నట్టు వెంట్రుకవాసి లాగేవాడు. ముప్పై ఏళ్ళుగా అదే చేయి, అదే గీత.

“మీ ప్లస్సు మీకూ నాకూ తప్ప ఆ దేవుడికి కూడా అర్థం కాదు,” అనేది పక్కన కూర్చుని కాజాలు కుట్టే భార్య.

దరఖాస్తులో ‘అంతస్తుల వివరం’ అని ఒక గడి ఉంది. ఉన్నది ఒకటి, పైన కట్టబోయేది ఒకటి. దర్జీ ఆ గడిలో 1+1 అని రాశాడు. అడ్డగీత ఎప్పటిలాగే మొహమాటపడింది.

సరే, ఆ మంగళవారం ఆఫీసులో అనుమతుల గుమాస్తా లేచి నిలబడ్డాడు. ఆయన తల ఎత్తడమే ఆ ఊళ్ళో ఒక విశేషం. అలాంటిది లేచి, తన కుర్చీ తుడిచి, ముందుకు జరిపాడు.

“కూర్చోండి దర్జీగారూ. ఇన్నాళ్ళూ మిమ్మల్ని గుర్తుపట్టలేకపోయాం.”

“నెల కిందటే కదండీ వచ్చాను.”

“అదే అంటున్నా. ఎంత గుంభనంగా వచ్చారు, ఎంత గుంభనంగా వెళ్ళారు.”

కాగితం చేతికిచ్చాడు. రెండు సీళ్ళు, మూడు సంతకాలు. మధ్యలో లావు అక్షరాలతో, ‘నూట పదకొండు అంతస్తుల నివాస భవనమునకు అనుమతి’ అని ఉంది. దర్జీ రెండుసార్లు చదివాడు.

“ఇది ఇంకెవరిదో అయ్యుంటుంది, చూడండి.”

“మీదే. మీ సంతకం, మీ ఇంటి నంబరు. ఇదిగో మీ దరఖాస్తు. ఒకటి, ఒకటి, ఒకటి. మీరు రాసిందే కంప్యూటర్లో కొట్టాను. ఒక్క అంకె మార్చలేదు.”

“మధ్యలోది ఒకటి కాదండీ, ప్లస్సు.”

గుమాస్తా దరఖాస్తును కిటికీ వెలుగులో పట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూశాడు. “ఏమో, నాకు మూడు పుల్లలే కనపడుతున్నాయి.”

“ప్లానులో ఒక్క గదే గీశారు కదా?”

“బొమ్మలు చూడటం నా సెక్షను కాదు. ఆ సెక్షనువాళ్ళు చూశారు. ఒకటి గీసి చూపించారు, మిగతా నూట పదీ అలాగే ఉంటాయి కాబోలు అనుకున్నారు.”

“ఇంజనీరుగారు చూడలేదా?”

అప్పుడు గుమాస్తా నిబంధన చెప్పాడు. నాలుగంతస్తుల దాకా ఇంజనీరు చూస్తాడు. అది దాటితే ఎత్తైన భవనాల కమిటీకి పంపాలి. ఆ ఊళ్ళో నాలుగు దాటి కట్టినవాడు లేడు కాబట్టి ఆ కమిటీని ఇంతవరకు వేయలేదు. ముప్పై రోజుల్లో కమిటీ అభ్యంతరం చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. లేని కమిటీ అభ్యంతరం చెప్పలేదు.

“పోనీ, పొరపాటు పడ్డానని రాసిస్తాను.”

“రాసివ్వండి. ఈ మధ్యాహ్నమే రద్దు చేస్తాం. తప్పుడు వివరం రాసినవాళ్ళు మాత్రం మళ్ళీ మూడేళ్ళ దాకా దరఖాస్తు పెట్టకూడదు.”

ఒకటో తారీఖు నాలుగు వారాల్లో ఉంది. దర్జీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. కాగితం మీద ఎన్ని ఉంటే మనకేం, మనం ఒక్క గది కట్టుకుందాం, మిగతా నూట తొమ్మిదీ కట్టలేదేమని అడిగేవాడెవడు అని దారిలో తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. భార్యకు కూడా అలాగే నచ్చజెప్పాడు. ఆమె కాజా కుడుతూనే విని, “మేస్త్రీకి మాత్రం ఆ కాగితం చూపించకండి,” అంది.

మేస్త్రీ రాగానే అడిగిన మొదటి మాట, “అనుమతి కాగితం ఏదండీ?” అని. చూపించనంటే బాగుండదని దర్జీ చూపించాడు. మేస్త్రీ పెదవులు కదుపుతూ చివరిదాకా చదివాడు. ఒకసారి దర్జీ ఇంటి వైపు చూసి, ఒకసారి ఆకాశం వైపు చూశాడు.

“నేను రెండో అంతస్తు దాకా చేశాను దర్జీగారూ. ఆ పైన కూడా అదే పనిలెండి, మళ్ళీ మళ్ళీ చేయడమే. ఇసక ఇంకో బండి చెప్పాలి.”

“అంత లేదు మేస్త్రీ. ఒక్క గదే. మిగతాది పొరపాటు.”

“మీరు అలాగే అంటారు. మీ సంగతి నాకు తెలియదా. మూడు గుడ్డలు కుట్టి ఒకటి కుట్టానంటారు.” అని, ఆలోచనలో పడి, “నిచ్చెన మాత్రం సరిపోదు,” అన్నాడు.

వీధి చివర టీకొట్టు దగ్గర మేస్త్రీ ఒక్క టీ తాగాడు. అంతే. చీకటి పడేలోపు ఊరంతా తెలిసిపోయింది.

ఆ ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైనది నీళ్ళట్యాంకు. దాని తర్వాత నాలుగంతస్తుల ఆసుపత్రి. మిగిలినవన్నీ ఒకటీ రెండూ. అందుకని నూట పదకొండు అంటే ఎంత ఉంటుందో ఎవరికీ అంచనా లేదు. అంచనా లేకపోవడం వల్ల నమ్మడం సులువైంది. మర్నాడు పొద్దున్నే దుకాణం ముందు పదిమంది. ఒకడు బొత్తాం కుట్టించుకోవడానికి వచ్చి లిఫ్టులు ఎన్నని అడిగాడు. ఎప్పుడూ “ఏమోయ్ దర్జీ” అని పిలిచే టీకొట్టాయన టీ తనే మోసుకొచ్చి, “దర్జీగారూ, కింద ఒక మూల కొట్టు పెట్టుకోనిస్తారా?” అన్నాడు. అందరికీ మూలలే కావాలి.

పక్కింటి డ్రిల్లు మాస్టారు మాత్రం కోపంగా వచ్చాడు. రిటైరై ఎనిమిదేళ్ళయినా ఆయన మాట ఇంకా మైదానంలో ఉన్నట్టే ఉంటుంది.

“చూడు, నేల విడిచి సాము చేయకు. నీ మేడ నీడ మా పూలకుండీల మీద పడుతుంది.”

“మీ ఒక్కరి మీదే కాదు మాస్టారూ,” అంది దర్జీ భార్య దారం కొరుకుతూ. “టీకొట్టు దగ్గర లెక్క కట్టారట. రైల్వేస్టేషను దాకా పడుతుందట.”

మాస్టారు వెళ్ళిపోయి, మర్నాడు మెత్తబడి వచ్చాడు. “తొంభయ్యో అంతస్తు నాకు రాసిపెట్టు. లిఫ్టు వద్దు. మెట్లెక్కుతాను, ఒంటికి మంచిది.”

“లేదండీ, అసలు నేను ఒక్క గదే,” అని దర్జీ మొదలుపెట్టాడు.

“బేరం పెట్టకు. ఎనభైకైనా ఒప్పుకుంటా.”

గురువారం అక్క ఫోన్ చేసింది. పాలు పోసేవాడు చెప్పాడట.

“ఒరే తమ్ముడూ, నూట పదకొండటగా. నాకోసం అన్నెందుకురా?”

“అక్కా, అది నిజం కాదు.”

“నాకు తెలుసులే, నువ్వు ఉన్నదెప్పుడు ఒప్పుకున్నావు గనక. మూడో క్లాసులో ఫస్టు వచ్చి కూడా ఏడుస్తూ ఇంటికొచ్చావు, పక్కవాడు బాధపడతాడని. నన్ను మరీ పైన పెట్టకు. మోకాళ్ళు ఒప్పుకోవు.”

అదే రోజు మధ్యాహ్నం మేయరు వచ్చాడు.

మేయరుకు ఒక పాత గాయం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ మేయర్లందరూ కలిసిన ఒక సభలో పక్క ఊరి మేయరు, “వాళ్ళ ఊరికి దారి చాలా సులువు. ఎటు చూసినా ఏమీ కనపడకపోతే వచ్చేసినట్టే,” అన్నాడు. సభంతా నవ్వింది. అప్పటినుంచి ఆయన ఎత్తైనదేదైనా సరే కట్టించాలని చూస్తున్నాడు. ఇప్పుడది దర్జీ ఇంటి నంబరు మీద, రెండు సీళ్ళతో, తనంతట తానే వచ్చి పడింది. వెంట ఒక ఇంజనీరునీ, ఒక విలేకరినీ తెచ్చుకున్నాడు.

“నాకు ఒక్క గది చాలండీ మేయరుగారూ,” అన్నాడు దర్జీ, ఈసారి ధైర్యం కూడగట్టుకుని.

మేయరు చలించిపోయాడు. “విన్నావా? నూట పదకొండు అంతస్తులు కడుతూ, తనకు ఒక్క గది చాలంటున్నాడు. రాసుకో,” అన్నాడు విలేకరితో.

ఇంజనీరు టేపు పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. నిజమైన ఇంజనీరే. నిజమైన మాటే చెప్పాడు. “పునాదికే ఇరవై మీటర్లు తవ్వాలి. ఈ ఇల్లు ఉంటే కుదరదు సార్. ఇల్లు, దుకాణం, ప్రహరీ, అన్నీ తీసేయాలి.”

“ఆదివారం పది గంటలకు,” అన్నాడు మేయరు. “ముందు నేను మాట్లాడతాను. తర్వాత యంత్రం గోడ తీస్తుంది.”

“మరి మేమెక్కడ ఉండాలి?” అంది దర్జీ భార్య.

“నూట పదకొండు అంతస్తులమ్మా. మీకు చోటే దొరకదా?”

వాళ్ళు వెళ్ళాక దర్జీ భార్య కుడుతున్న కాజా పక్కన పెట్టింది. “ఆలూ లేదు చూలూ లేదు, ఉన్న ఇల్లు కూడా పోయేటట్టుంది. రాసిచ్చేయండి. మూడేళ్ళు ఆగుదాం.”

“అక్క మూడేళ్ళు వసారాలో మూలనా?”

రాసిస్తే గది లేదు. రాసివ్వకపోతే ఇల్లే లేదు. దర్జీ బ్యాంకు మేనేజరు ప్యాంటు అంచు తీసుకుని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

శనివారం మళ్ళీ అక్క ఫోను.

“ఏడాది తర్వాత పేపరు మడత విప్పానురా,” అంది. “పాలవాడు చెబితే విప్పాను. ఫొటోలో నువ్వు మేయరు పక్కన నిలబడ్డావు. కాలరు వంకరగా ఉంది. కింద ‘నాకు ఒక్క గది చాలు’ అని వేశారు. పైకి చదివాను. మీ బావ ఉంటే వీధిలోకి వెళ్ళి మరీ చదివేవారు.”

“అక్కా, ఒకటో తారీఖుకి నేనే వచ్చి తీసుకొస్తా.”

“అది చెబుదామనేరా. నేను రానులే. ఇక్కడే కింద ఒక చిన్న గది చూసుకున్నా. నీ అంతస్తు ఇప్పుడు వేరు నాన్నా. అక్కడికి నేను ఎక్కలేను.”

ఆవిడ నిష్ఠూరంగా అని ఉంటే దర్జీ ఏదో ఒకటి సర్దిచెప్పేవాడు. ఆవిడ ఎంతో సంతోషంగా అంది. అతను ఫోను పెట్టేసి, కొలతల పుస్తకం తెరిచి, పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి ఒక పేజీ దగ్గర ఆగి, దాని కొస మడిచాడు.

ఆదివారం వీధి నిండిపోయింది. ఒక పక్క వేదిక, ఒక పక్క పసుపుపచ్చ యంత్రం, ముందు వరసలో డ్రిల్లు మాస్టారు. ఆయన పొద్దున్నుంచీ టీకొట్టు మెట్లు ఎక్కి దిగుతూ సాధన చేస్తున్నాడు. మేస్త్రీ కొత్త నిచ్చెన తెచ్చాడు, పాతదానికంటే రెండు మెట్లు ఎక్కువ. మేయరు అరగంట మాట్లాడాడు. ఇకమీదట ఈ ఊరికి దారి ఎవరూ అడగనక్కర్లేదన్నాడు. పక్క ఊళ్ళోంచి కూడా మనమే కనపడతామన్నాడు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగాడు.

“ఇప్పుడు మన దర్జీగారు రెండు మాటలు చెబుతారు.”

దర్జీ చంకలో కొలతల పుస్తకంతో వేదిక ఎక్కాడు. మైకు ముందు నిలబడ్డాడు. మాట రాలేదు. మాట రాదని ముందే తెలుసు కాబట్టే పుస్తకం తెచ్చుకున్నాడు. మడిచిన పేజీ తీసి మేయరుకు అందించి, “ఈ అంకె కాస్త చదవండి,” అన్నాడు.

మేయరు, ఇదేదో గౌరవం కాబోలనుకుని, మైకు దగ్గరికి లాక్కుని గట్టిగా చదివాడు. “నాలుగు వేల... నాలుగు వందల... పదకొండు.” ఆగి, “అడుగులా?” అన్నాడు సంబరంగా.

“అంగుళాలండీ.”

“ఏమిటివి?”

“మీ నడుము.”

మైకు బాగా పనిచేస్తోంది. యంత్రం పక్కన నిలబడ్డవాళ్ళకు కూడా వినపడింది. ముందు నవ్వింది యంత్రం నడిపేవాడు. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం.

మేయరు మెల్లగా పేజీ పైన చూసుకున్నాడు. ఆయన పేరే ఉంది, నిరుడు కుట్టించుకున్న సూటు తారీఖు ఉంది. “నా నడుము నలభై నాలుగు,” అన్నాడు. “నువ్వే చెప్పావు.”

“నలభై నాలుగు, ప్లస్ ఒకటి,” అన్నాడు దర్జీ. ముప్పై ఏళ్ళలో ఒక మనిషి అసలు కొలత అతను పైకి చెప్పడం అదే మొదటిసారి. చెబుతూ కళ్ళు మూసుకున్నాడు. “నా ప్లస్సు అలాగే ఉంటుందండీ. అడ్డగీత పెట్టాలంటే నాకు మొహమాటం. నా దరఖాస్తులో కూడా అదే ప్లస్సు. కింద ఒకటి, పైన ఒకటి. మా అక్క కోసం ఒక్క గది. ఆవిడకు పొద్దున్న ఎండ పడే కిటికీ ఉండాలి. అంతేనండీ.”

వీధి సద్దుమణిగింది. దర్జీ భార్య కింద నిలబడి, వేళ్ళు విరుచుకుంటూ, అనుమతుల గుమాస్తా వైపు చూసింది. మేయరు కూడా అటే చూశాడు.

“రద్దు చేసేయవయ్యా,” అన్నాడు నెమ్మదిగా.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. ఆయన జీవితంలో మైకు దొరికింది ఈ ఒక్కసారే. “కుదరదండీ. రాసినవాడి తప్పయితే మేం రద్దు చేయొచ్చు. ప్లస్సును తమరు కూడా ఒకటిగానే చదివారు, అందరూ విన్నారు. అంటే రాసినవాడు సరిగ్గానే రాశాడు, చదివినవాళ్ళదే తప్పు. చదివినవాళ్ళ తప్పయితే కమిటీ రద్దు చేయాలి.”

“ఏ కమిటీ?”

“అదే, లేని కమిటీ.”

మేయరు మంచి వక్త. మంచి వక్త పడిపోతూ కూడా వంగి దేనికో నమస్కారం పెడుతున్నట్టే పడతాడు. ఆయన కోటు బొత్తాం పెట్టుకోబోయి, ఎందుకో మానేసి, మైకు అందుకున్నాడు. “మిత్రులారా, ఎంత పెద్ద పనైనా దశలవారీగానే చేయాలి. ప్రపంచంలోనే అత్యంత ఎత్తైన మన భవనం మొదటి దశలో, ఉన్న అంతస్తును అలాగే ఉంచి, దానిమీద ఒక్క గది కడతాం. మిగతా నూట తొమ్మిదీ అవసరాన్ని బట్టి.”

చప్పట్లు మోగాయి. పసుపుపచ్చ యంత్రం వెనక్కి నడుచుకుంటూ వీధిలోంచి వెళ్ళిపోయింది. డ్రిల్లు మాస్టారు మాత్రం, “మరి నా ఎనభయ్యోది?” అన్నాడు.

ఆ సాయంత్రం దర్జీ ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. అక్క చాలాసేపు నవ్వింది. ఏడాదిలో ఆ నవ్వు వినడం అదే మొదలు. తర్వాత, “కిటికీ ఎటువైపురా?” అని అడిగింది.

“తూర్పు.”

“సరే అయితే. ఇక్కడ గదికి వద్దని చెబుతా.”

మేస్త్రీ పద్దెనిమిది రోజుల్లో గది లేపాడు. నిచ్చెన సరిపోయింది. ఒకటో తారీఖున అక్క మెట్లెక్కి, కిటికీ తీసి, చీకటి పడేవేళ అయినా ఎండ ఎక్కడ పడుతుందో చేత్తో చూసుకుంది. ఆ చోట ఒక పీట వేసి, కూరలు తరిగే కత్తి, బావ కళ్ళజోడు, ఆ రోజు పేపరు పెట్టుకుంది. గేటు పక్కన మునిసిపాలిటీవాళ్ళు ఒక బోర్డు పాతారు, ‘ప్రపంచంలోనే అత్యంత ఎత్తైన భవనం. మొదటి దశ పూర్తి’ అని. టీకొట్టాయన దానిమీద తువ్వాలు ఆరేసుకుంటున్నాడు.

గుమాస్తా ఇంటికే వచ్చి, పని పూర్తయినట్టు ఒక ఫారం నింపమన్నాడు. అందులోనూ అదే గడి. ఈసారి దర్జీ భార్య పక్కనే నిలబడింది. “అడ్డగీత గట్టిగా. ఇంకా గట్టిగా,” అంది. దర్జీ తన ముప్పై ఏళ్ళ మొహమాటాన్ని పక్కకు నెట్టి, కాగితం చిరిగేలా అడ్డగీత లాగాడు. మనసంతా దానిమీదే ఉండటంతో నిలువు గీత సంగతి అంతగా పట్టించుకోలేదు.

వారం తర్వాత ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పైన కిటికీ పక్కన కూర్చుని అక్క బావ కళ్ళజోడు పెట్టుకుని, బావలాగే గొంతు పెంచి, కిందికి వినపడేలా చదివింది. “‘మీరు సమర్పించిన వివరము ప్రకారము, ఒకటిలో నుండి ఒకటి తీసివేయగా, సదరు స్థలములో భవనములేవీ లేవని నిర్ధారించడమైనది.’”

దర్జీ కత్తెర కింద పెట్టి, చొక్కా వేసుకుని, ఆఫీసుకు బయల్దేరబోయాడు.

“కూర్చోరా,” అంది అక్క పైనుంచి, వంకాయ ముక్కలు నీళ్ళలో వేస్తూ. “లేని ఇంట్లో నాకు హాయిగానే ఉంది.”

పెద్దావిడ మాట కాదనడానికి మొహమాటపడి, దర్జీ కూర్చున్నాడు.